కారని చోటు వెతకాలి

తెల్లవారుజామున చీమకుర్తి నుంచి ఒంగోలు వచ్చే రోడ్డు పక్కన టీ కొట్టు దగ్గర నిలబడితే ఒక శబ్దం తరచుగా వినపడుతుంది. ఏదో లారీ సెల్ఫ్ మోటారు గిర్రుమని తిరుగుతుంది. ఇంజను అందుకున్నట్టే అందుకుని, నాలుగు దగ్గులు దగ్గి ఆగిపోతుంది. మళ్లీ సెల్ఫ్, మళ్లీ దగ్గు. కాసేపటికి క్లీనర్ కుర్రాడు నిద్ర కళ్లతోనే కిందికి దిగి, ఫిల్టరు పక్కనున్న చేతిపంపు బొత్తాన్ని టకటకా నొక్కడం మొదలుపెడతాడు. టీ తాగేవాళ్లు తల కూడా తిప్పరు. "ఎయిర్ పట్టిందిలే" అనుకుంటారు, అంటే డీజిల్ దారిలోకి గాలి దూరిందని.

జలుబు చేసిందన్నంత తేలిగ్గా వాడతాం ఆ మాటని. దానికి మందు కూడా అంత తేలికే: పంపు కొట్టి ఎయిర్ తీసేస్తే బండి కదులుతుంది. మర్నాడు పొద్దున మళ్లీ అదే పని. నెలల తరబడి రోజూ ఈ పూజ జరిగే బండ్లను నేను చూశాను. ఎయిర్ ఎట్లా తీయాలో మన లారీ స్టాండుల్లో తెలియనివాడు లేడు. అది ఎక్కడినుంచి వస్తోందని అడిగేవాడు మాత్రం తక్కువ. నిజానికి చిక్కంతా ఆ రెండో ప్రశ్నలోనే ఉంది.

ముందు, ఇంత చిన్న గాలిబుడగ పాతిక టన్నుల బండిని ఎట్లా ఆపుతుందో చూద్దాం.

డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గు ఉండదు. సిలిండరులోకి లాగిన గాలిని పిస్టన్ పదహారో వంతుకో పద్దెనిమిదో వంతుకో నొక్కేసరికి ఆ గాలే 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. సరిగ్గా ఆ క్షణానికి డీజిల్ మంచులాగా చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. ఆ చిమ్మే పని నాజిల్‌ది. పాత బండ్ల నాజిల్ లోపల స్ప్రింగుతో బిగించిన సూది ఉంటుంది. దాదాపు 200 నుంచి 250 బార్ల ఒత్తిడి తగిలితేగాని అది లేవదు. లారీ టైరులో మనం కొట్టించే గాలి 8 బార్ల చిల్లర. అంటే టైరు ఒత్తిడికి పాతిక ముప్పై రెట్లు కావాలన్నమాట.

డీజిల్‌ని నొక్కితే అది దాదాపు తగ్గదు. గట్టి ఇనపకడ్డీని ఇటు నెడితే అటు కదిలినట్టు, పంపులో ప్లంజర్ అనే కడ్డీ ఇటు నెట్టగానే అటు చివర నాజిల్ సూది లేస్తుంది. గాలి అట్లాకాదు, దూదిలాంటిది. ఇటు నొక్కితే లోపలికి ముడుచుకుంటుంది, అటు ఏమీ కదలదు.

చిన్న లెక్క వేసుకుందాం. ఆరు సిలిండర్ల మామూలు లారీ ఇంజను పూర్తి బరువు మీద లాగేటప్పుడు, ఒక్కో సిలిండరుకి ఒక్కో దెబ్బకి పడే డీజిల్ సుమారు 75 ఘన మిల్లీమీటర్లు. కంట్లో మందు వేసుకునే గొట్టంతో లెక్కేస్తే ఒకటిన్నర చుక్క. ఇప్పుడు ఆ దారిలో కందిగింజంత గాలిబుడగ ఒకటి ఉందనుకోండి, దాదాపు 100 ఘన మిల్లీమీటర్లు. దాన్ని 200 బార్లకి తేవాలంటే అర ఘన మిల్లీమీటరు అయ్యేదాకా నొక్కాలి. ప్లంజర్ దెబ్బంతా ఆ బుడగని నొక్కడానికే ఖర్చయిపోయి ఇంకా చాలదు. సూది లేవదు, సిలిండరుకి డీజిల్ అందదు. ప్లంజర్ వెనక్కి రాగానే బుడగ మళ్లీ ఉబ్బి యథాస్థానంలో కూర్చుంటుంది. ఎన్నిసార్లు సెల్ఫ్ కొట్టినా ఇదే తంతు. కందిగింజ ముందు పాతిక టన్నులు ఓడిపోవడమంటే ఇదే.

ఇందులో ఒక విడ్డూరం ఉంది. 1897లో రుడాల్ఫ్ డీజిల్ విజయవంతంగా నడిపి చూపించిన తొలి ఇంజనులో ఇంధనాన్ని సిలిండరులోకి ఊదింది గాలే. పక్కన పెద్ద కంప్రెసరు పెట్టి, ఆ గాలి బలంతో చిమ్మించేవాళ్లు. ఆ కంప్రెసరు బరువుకి బండ్లకి పనికిరాకపోయింది. ఒట్టి డీజిల్‌నే నొక్కి చిమ్మే పంపుని 1927లో బాష్ కంపెనీ పెద్దఎత్తున తయారు చెయ్యడం మొదలుపెట్టాకే లారీలకి దారి దొరికింది. బాష్ వాళ్లు 1951లో మన దేశంలో పెట్టిన మైకో కంపెనీ పుణ్యమా అని ఇప్పటికీ మన పాత డ్రైవర్లు దాన్ని "మైకో పంపు" అనే అంటారు. కంపెనీ పేరు బాష్‌గా మారి చాన్నాళ్లయినా వాళ్ల నోట్లో అది మారలేదు.

ఇక అసలు సంగతి. పెన్నా ఆయకట్టులో పుట్టి పెరిగినవాళ్లకి ఇది చెప్పడం తేలిక. ఎందుకంటే కాలవ గట్టున ఆయిల్ ఇంజనుతో నీళ్లు తోడిన ప్రతి ఇంట్లోనూ ఈ పాఠం ముందే అయిపోయింది.

కాలవలోకి దించిన సక్షన్ పైపు అడుగున ఫుట్‌వాల్వు ఉంటుంది కదా. అది నీళ్లని పైకి రానిస్తుంది, కిందికి పోనివ్వదు. దాంట్లో చిన్న పుల్ల ఇరుక్కుందంటే రాత్రి పంపు ఆపగానే పైపులో నీళ్లన్నీ కాలవలోకి జారిపోతాయి. పొద్దున ఇంజను ఎంత తిరిగినా నీళ్లు ఎక్కవు. బిందెతో పంపులో నీళ్లు పోసి, నిండాక తిప్పాలి. పైపు అతుకు దగ్గర చిల్లు ఉంటే ఇంకో రకం బాధ. పంపు తిరుగుతున్నంతసేపూ ఆ చిల్లులోంచి నీళ్లు బయటికి రావు, గాలే లోపలికి పోతుంది. ధార తెగి తెగి పడుతుంది. మా తాత ఆ అతుకు మీద పేడా బంకమట్టీ కలిపి మెత్తేవాడు. నీళ్లు కారని చోట మట్టి ఎందుకు మెత్తుతున్నాడో చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు.

లారీలో జరిగేది అచ్చంగా ఇదే. ట్యాంకే కాలవ. ట్యాంకులోకి దిగిన గొట్టం, అక్కడినుంచి ఛాసిస్ వెంట వచ్చే పైపు, నీళ్లు వేరుచేసే మొదటి ఫిల్టరు, ఇవన్నీ దాటుకుని, ట్యాంకులోంచి డీజిల్‌ని లాగే చిన్న ఫీడ్ పంపు దాకా వచ్చేదంతా సక్షన్ దారి. పంపు డీజిల్‌ని లాగుతోంది కాబట్టి ఆ దారిలో ఒత్తిడి బయట గాలి ఒత్తిడికన్నా తక్కువ. ఫీడ్ పంపు దాటాక లెక్క తిరగబడుతుంది. అక్కడ లాగడం ఉండదు, నెట్టడమే. రెండో ఫిల్టరు, నాజిళ్లకి డీజిల్ నెట్టే పెద్ద పంపు, నాజిల్ పైపులు ఆ వైపున ఉంటాయి.

నెట్టే వైపు చిల్లు పడితే డీజిల్ బయటికి వస్తుంది. మట్టి అంటుకుని నల్లగా తడిగా కనపడుతుంది, వాసన కొడుతుంది, ఎవడైనా పట్టేస్తాడు. లాగే వైపు చిల్లు పడితే గాలి లోపలికి పోతుంది. బయట పొడిగా, శుభ్రంగా, ఏ పాపం ఎరగనట్టు ఉంటుంది. ఎయిర్ పట్టే బండిని తెచ్చి కిందికి దూరి "ఎక్కడా కారట్లేదే" అని లేచిపోయే మేస్త్రీ సగం బండ్లలో తప్పు చోట చూస్తున్నాడు. ఇక్కడ కారని చోటే వెతకాలి.

అయితే బండి ఎప్పుడు మొరాయిస్తోందో గమనిస్తే వెతికే చోటు చాలా తగ్గుతుంది. ఇది పట్టించుకోకే డబ్బు వదిలించుకుంటాం.

పొద్దున సెల్ఫ్ కొట్టగానే స్టార్టయి, అరనిమిషం నడిచి, ఆగిపోయిందనుకుందాం. ఆ అరనిమిషం నడిపింది ఫిల్టర్లలోనూ పంపులోనూ మిగిలిన మంచి డీజిల్. ఆ తర్వాత వచ్చింది వెనక పైపులో రాత్రంతా చేరిన గాలి. అంటే లోపం ఫిల్టరుకి వెనక, ట్యాంకు వైపు ఉన్నట్టు. అసలు అందుకోకుండా సెల్ఫ్ మాత్రమే తిరుగుతుంటే గాలి పంపు దగ్గరే ఉందని అనుమానించాలి. రాత్రంతా నిలబెడితేనే బాధ, పగలు పది నిమిషాలు ఆపితే ఏ బాధా లేదంటే చిల్లు చాలా చిన్నది, లేదా ఫీడ్ పంపు వాల్వు సరిగ్గా మూసుకోక డీజిల్ మెల్లగా ట్యాంకులోకి జారుతోంది. ఫుట్‌వాల్వులో పుల్ల ఇరుక్కున్న కథే అది. నడుస్తున్నప్పుడు ఐడిలింగులో ఇంజను పైకీ కిందికీ ఊగుతుంటే, గిద్దలూరు దాటి నల్లమల ఘాటు ఎక్కేటప్పుడు ఉన్నట్టుండి శక్తి చచ్చి మళ్లీ దానంతటదే వస్తుంటే, నడిచేటప్పుడు కూడా గాలి లాగుతోందని అర్థం. రిటన్ పైపుని కూడా మరిచిపోకూడదు. నాజిళ్ల నుంచీ పంపు నుంచీ మిగులు డీజిల్‌ని ట్యాంకుకి చేర్చే ఆ సన్న పైపు పగిలితే, బండి ఆగి ఉన్నప్పుడు అటునుంచి కూడా గాలి దూరుతుంది.

సైలెన్సర్ వైపు ఒక చూపు వెయ్యండి. సెల్ఫ్ కొడుతున్నంతసేపు తెల్లపొగ వస్తుంటే డీజిల్ సిలిండర్లలోకి చేరుతోంది, మండడమే లేదు. అది వేరే రోగం. కంప్రెషనో టైమింగో చూసుకోవాలి. పొగే రాకపోతే డీజిల్ అందట్లేదు. అప్పుడే ఎయిర్ మాట ఎత్తాలి. అదీ ఇంజనుని ఆపే కేబుల్ ఇరుక్కోలేదనీ, అదే పని కరెంటుతో చేసే సోలినాయిడ్ పనిచేస్తోందనీ చూశాక. స్టాప్ కేబుల్ సగంలో ఇరుక్కున్న బండికి గంటసేపు ఎయిర్ తీసిన ఘనులు ఉన్నారు. అందులో నేనూ ఒకణ్ని, దాచుకోవడం ఎందుకు.

మా బాబాయికి ఒక పది టైర్ల బండి ఉండేది. చీమకుర్తి నల్ల గెలాక్సీ గ్రానైట్ రాళ్లు వేసుకుని కృష్ణపట్నం పోర్టుకి తోలేవాళ్లం. టంగుటూరు, సింగరాయకొండ, కావలి మీదుగా నెల్లూరు చేరి, అక్కడినుంచి ముత్తుకూరు వైపు. లెక్కలు నేను చూసేవాణ్ని. ఒక వేసవిలో ఆ బండికి ఎయిర్ జబ్బు పట్టుకుంది. రోజూ కాదు, వారానికి రెండు మూడు సార్లు. ఫిల్టర్లు మార్చాం. వాషర్లన్నీ మార్చాం. హ్యాండ్ ప్రైమర్, అదే ఆ చేతిపంపు, కొత్తది వేశాం. అప్పటికీ తగ్గకపోతే పంపు విప్పించి ఒక పంపు షాపుకి పంపాం. వాళ్లు వారం ఉంచుకుని, సర్వీసు చేశామని బిల్లు చేతిలో పెట్టారు. బిగించిన నాలుగో రోజు బండి కావలి బైపాస్‌లో ఆగింది.

డ్రైవరు పెద్దాయన. నన్ను అబ్బయా అని పిలిచేవాడు, నేను అన్నా అనేవాణ్ని. ఆ రోజు ఫోనులో ఆయన విసుగ్గా అన్న మాట ఇది: "ఫుల్లు ట్యాంకు కొట్టిచ్చిన పొద్దు ఈ గోలే ఉండదబ్బయా. డీజిలు సగానికి దిగితేనే దీనికి దెయ్యం పట్టేది. ఎన్నిసార్లు చెప్పా నీకు?"

నిజమే, చెప్పాడు. కనీసం రెండుసార్లు. డ్రైవరు మాటని మనం ఫిర్యాదుగానే వింటాం, సాక్ష్యంగా వినం.

మర్నాడు మేస్త్రీ ఏం చేశాడంటే, ఇరవై లీటర్ల క్యాను ఒకటి డీజిల్‌తో నింపి క్యాబిన్ వెనక తాడుతో కట్టాడు. ట్యాంకు నుంచి వచ్చే పైపు విప్పేసి, క్యానులోంచి కొత్త గొట్టం ఒకటి నేరుగా ఫీడ్ పంపుకి పెట్టాడు. యార్డులోనే తిప్పుతూ, రాత్రుళ్లు నిలబెడుతూ రెండు రోజులు చూశాం. రెండు పొద్దులూ మొదటి సెల్ఫ్‌కే అందుకుంది. అంటే పంపుకి ఏ రోగమూ లేదు, ఎప్పుడూ లేదు. తప్పు ట్యాంకుకీ ఫీడ్ పంపుకీ మధ్య ఎక్కడో ఉంది. ఆ తర్వాత ట్యాంకు మీది ప్లేటు విప్పి లోపలి గొట్టాన్ని బయటికి తీశాడు. ఒక కొన బొటనవేలితో మూసి, బకెట్టు నీళ్లలో ముంచి, రెండో కొన నుంచి ఊదాడు. పంక్చర్ షాపులో ట్యూబు చూసినట్టే. గొట్టం నడిమధ్యన వెల్డింగు పక్క నుంచి సన్నగా బుడగలు వచ్చాయి.

డీజిల్ ఆ పగులుకి పైన ఉన్నంతకాలం అది మునిగే ఉంటుంది. దాంట్లోంచి లాగినా డీజిలే వస్తుంది కాబట్టి బాధ లేదు. మట్టం కిందికి దిగగానే పగులు ట్యాంకులోని గాలికి తెరుచుకుంటుంది. డ్రైవరన్న చెప్పిన దెయ్యం అదే. ఇత్తడి వెల్డింగుకి అయిన ఖర్చు, పంపు షాపు బిల్లు ముందు చిల్లర కింద లెక్క.

ఆ క్యాను పరీక్షని ఇప్పటికీ నేను అన్నిటికన్నా నమ్ముతాను. పెద్ద పరికరాలు అక్కర్లేదు, బండిని రెండు ముక్కలుగా విడగొట్టి ఏ ముక్కలో దొంగ ఉన్నాడో చెప్పేస్తుంది. క్యానుతో కూడా బాధ తగ్గకపోతే ఫీడ్ పంపు నుంచి ముందుకు వెతకాలి. ఒక్కటి చూసుకోవాలి, మొదటి ఫిల్టరుని ఆ దారిలో ఉంచారా తప్పించారా అని. తప్పిస్తే దాని అనుమానం అట్లాగే మిగిలిపోతుంది. మళ్లీ దాన్ని కలిపి ఒకసారి చూడాలి. తప్పించి చూసేటప్పుడు క్యానులో వడకట్టిన మంచి డీజిలే పొయ్యాలి. క్యాను కట్టి బరువుతో హైవే ఎక్కకూడదని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

రెండోది అద్దంలాంటి గొట్టం. ఫీడ్ పంపుకి ముందు ఒక అడుగు పైపు తీసి, ఆ చోట లోపల కనపడే పారదర్శక గొట్టం బిగిస్తే పోయే డీజిల్ కంటికి కనిపిస్తుంది. స్టార్టు చేసిన మొదట్లో రెండు మూడు బుడగలు పోతే కంగారు పడక్కర్లేదు. గోళీసోడాలో లాగా ఆగకుండా వస్తుంటే లోపం వెనక ఉంది. గొట్టం ఒక్కో కీలూ వెనక్కి జరుపుకుంటూ పోతే, ఎక్కడ బుడగలు మాయమవుతాయో ఆ పక్క కీలే దొంగ. పని అయ్యాక ఆ గొట్టం తీసెయ్యాలి. డీజిల్ తగిలితే కొన్నాళ్లకి అది గట్టిపడి పగులుతుంది, ఎయిర్ వెతకడానికి పెట్టిందే ఎయిర్‌కి దారవుతుంది.

ఇంకా చవకైన పని ఒకటుంది. సాయంత్రం ట్యాంకు నిండా పోయించి, బండి కింద సక్షన్ పైపు వెంట అట్టపెట్టె ముక్కలు పరిచి పడుకోండి. ఇంజను ఆగాక లాగడం ఉండదు. ట్యాంకులో మట్టం ఎత్తుగా ఉంటే, దానికన్నా దిగువనున్న కీళ్ల మీద డీజిల్ బరువు పడుతుంది. పగలు గాలి పీల్చిన చిల్లే రాత్రి చుక్క వదులుతుంది. పొద్దున అట్ట మీద రూపాయి బిళ్లంత మరక కనపడితే నేరుగా దాని పైకి చూడండి. అనుమానమున్న కీలు మీద గట్టి గ్రీజు దట్టంగా పూసి, ఒక్కోటీ వరసగా చూడటం మరో పద్ధతి. మా తాత పేడమట్టికి ఇది పట్నం వేషం.

దొరికే దొంగలు కూడా దాదాపు ఎప్పుడూ వాళ్లే. మధ్యలో రంధ్రమున్న బంజో బోల్టుకి అటూ ఇటూ ఉండే రాగి వాషర్లు ఒకసారి నలిగాక మళ్లీ సరిగ్గా కూర్చోవు. కొత్తవి దొరకని చోట పాతదాన్ని ఎర్రగా కాల్చి చల్లార్చితే రాగి మెత్తబడి ఒకసారికి పనికొస్తుంది. రబ్బరు పైపు పైన నున్నగా ఉండి క్లిప్పు కింద లోపల చీలి ఉంటుంది, ఎందుకంటే ఆ క్లిప్పుని ప్రతివాడూ ఇంకో చుట్టు బిగించి పోతాడు. హ్యాండ్ ప్రైమర్ బొత్తం కింది సీలు అరుగుతుంది. ఫిల్టరు మార్చేటప్పుడు పాత రబ్బరు రింగు పైకే అంటుకుపోయి, దాని మీద కొత్తది బిగిస్తారు. ఇక అన్నిటికన్నా ఎక్కువసార్లు దొరికేది మొదటి ఫిల్టరు అడుగున నీళ్లు వదిలే తిప్పుడు. మన సముద్రపు తేమకి సగం ఖాళీ ట్యాంకులో రాత్రిపూట నీటి ఆవిరి దిగుతుంది కాబట్టి ఆ నీళ్లు వదలాల్సిందే. క్లీనరు పొద్దున వదిలి, చేతికి డీజిల్ అంటుతుందని సగం బిగించి లేస్తాడు. కారదు కదా, లాగే వైపు ఉంది మరి! గాలి మాత్రం హాయిగా దూరుతుంది.

ఇక్కడ చాలామంది పొరబడే ముడి ఒకటి ఉంది. ఎయిర్ పట్టిన ప్రతి బండికీ చిల్లు ఉండి తీరాలని లేదు. మూసుకుపోయిన ఫిల్టరు, ట్యాంకు లోపలి జల్లెడలో పేరుకున్న తుప్పూ మడ్డీ, ట్యాంకు మూత గాలి రంధ్రం బురదతో పూడుకోవడం, వీటిలో ఏది జరిగినా ఫీడ్ పంపు మామూలుకన్నా గట్టిగా లాగాల్సి వస్తుంది. అప్పుడు అదివరకు ఏ బాధా పెట్టని వెంట్రుకవాసి సందులు కూడా గాలి పీలుస్తాయి. అంతేకాదు, డీజిల్‌లో ఎప్పుడూ కొంత గాలి కరిగే ఉంటుంది. లాగుడు ఎక్కువైతే అది కూడా బుడగలై బయటికి వస్తుంది. కాబట్టి వాషర్లు మార్చేముందు ట్యాంకు మూత వదులు చేసి ఒకసారి తోలి చూడండి. మూత తిప్పగానే బుస్సుమని గాలి లోపలికి పీల్చుకుందంటే రోగం దొరికినట్టే, ఖర్చు సున్నా. ఫిల్టరు మూసుకుపోతే బాధ బరువుతోపాటు క్రమంగా పెరుగుతుంది. ఒట్టి చిల్లయితే ఇష్టమొచ్చినప్పుడు వస్తుంది, పోతుంది. రెండూ కలిసిన బండే మనిషిని ఏడిపిస్తుంది.

ఎయిర్ తీయడం గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, పాత పంపు బండ్లకి అది అందరికీ వచ్చిన విద్యే. ఫిల్టరు మీద గాలి వదిలే బ్లీడ్ స్క్రూ వదులు చేసి, నురగ పోయి నిండు డీజిల్ వచ్చేదాకా చేతిపంపు కొట్టి, డీజిల్ వస్తుండగానే బిగించాలి. తర్వాత పెద్ద పంపు మీది స్క్రూ, ఆ తర్వాతే నాజిల్ పైపుల నట్లు. ట్యాంకు వైపు నుంచి వరసగా ముందుకు రావాలి. ఈ వరస తప్పించి ముందే నాజిల్ నట్లు వదిలితే వెనకనుంచి గాలి వస్తూనే ఉంటుంది. సెల్ఫ్ పావునిమిషం మించి ఒకే బిగిన కొట్టొద్దు, మధ్యలో కాస్త చల్లారనివ్వండి. లేకపోతే ఎయిర్ పోయేసరికి బ్యాటరీ, సెల్ఫ్ రెండూ పోతాయి.

కానీ ఈ విద్యే కొత్త బండ్ల దగ్గర ప్రాణం మీదికి తెస్తుంది. పొగ కాలుష్యం తగ్గించే నిబంధనలు, 2017 ఏప్రిల్ నుంచి దేశమంతటా బీఎస్-4, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 వచ్చాక మన రోడ్ల మీద కామన్ రైల్ ఇంజన్లు నిండిపోయాయి. వాటిలో అన్ని నాజిళ్లకీ ఉమ్మడిగా ఒక రైలు గొట్టం ఉంటుంది, అందులో ఒత్తిడి 1,600 బార్లు, ఆ పైన కూడా ఉండొచ్చు. పాత అలవాటుతో ఆ పైపు నట్టు వదిలి సెల్ఫ్ కొట్టారంటే, కంటికి కనపడని డీజిల్ ధార చర్మాన్ని సూదిలా చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినంత గుర్తే ఉంటుంది, నొప్పి కూడా మొదట తెలియకపోవచ్చు. లోపల కండ కుళ్లడం మొదలవుతుంది. అట్లా జరిగితే పసుపు పెట్టి కట్టు కట్టుకుని కూర్చోకూడదు. గంటల్లో ఆసుపత్రికి వెళ్లి "ఒత్తిడితో డీజిల్ లోపలికి దిగింది" అని ఆ మాటే డాక్టరుకి చెప్పాలి. వేలు, ఒక్కోసారి చెయ్యి నిలబడేది దాని మీదే. ఎక్కడైనా పైపు చిమ్ముతోందేమో చేత్తో తడిమి చూడటం కూడా ఇంతే ప్రమాదం, అట్టముక్క వాడాలి.

ఈ బండ్లకి ఎయిర్ తీసేది తక్కువ ఒత్తిడి ఉండే ఫిల్టరు వైపు మాత్రమే. ఫిల్టరు దగ్గరి చేతిపంపు గట్టిపడేదాకా కొట్టి, సెల్ఫ్ ఇస్తే రైలులోని మిగతా గాలి రిటన్ దారిలో దానంతటదే పోతుంది. కాస్త ఓపిక కావాలి. రైలులో కనీస ఒత్తిడి వచ్చేదాకా ఈసీయూ, అంటే ఇంజనుని నడిపే కంప్యూటరు, నాజిళ్లను తెరవనే తెరవదు. గాలివల్ల ఆ ఒత్తిడి రాకపోతే డాష్‌బోర్డు మీద లైటు వెలిగి, రైలు ఒత్తిడి తక్కువని కోడ్ చూపిస్తుంది. ఆ కోడ్ చూసి "హై ప్రెషర్ పంపు పోయింది" అనేయడం ఇప్పటి ఫ్యాషను. పంపు మార్చేముందు రెండొందల రూపాయల గొట్టం కింద చీలిందేమో చూడమని అడిగే హక్కు ఓనరుకి ఉంది, అడగండి. అట్లాగని ఆ గాలిని నిర్లక్ష్యం చెయ్యడానికీ లేదు. ఆ పంపుకి లోపల నూనె పని చేసేది కూడా డీజిలే. గాలితో నడిస్తే లోపల ఇనుమూ ఇనుమూ రాసుకుని, ఆ రజను నాజిళ్ల దాకా పోతుంది. అప్పుడు నిజంగానే పంపు పోతుంది.

ఫిల్టరు మార్చేటప్పుడు కొత్త గిన్నెలో డీజిల్ నింపి బిగించే అలవాటు కూడా పాత బండ్లతోనే ఆపాలి. క్యానులోంచి పోసిన డీజిల్ వడకట్టనిది. చివరి ఫిల్టరులో పోస్తే దాని మట్టి నేరుగా శుభ్రమైన వైపు పడి పోతుంది. కొత్త బండికి ఖాళీగానే బిగించి, చేతులు నొప్పెట్టినా పంపు కొట్టుకోవడమే దారి.

రోడ్డు మీద చిక్కుకున్నప్పుడు చేసే చిట్కాల సంగతి వేరు. ముసునూరు టోలు దగ్గర అర్ధరాత్రి రబ్బరు పైపు చీలితే ఎవడైనా ఏదో ఒకటి చుట్టాల్సిందే. బట్టల సబ్బు పిసికి కీలు చుట్టూ మెత్తితే డీజిల్‌కి అది కరగదు, ఊరు చేరేదాకా పట్టి ఉంటుంది. చీలిక క్లిప్పు దగ్గరే అయితే ఆ కొన కోసేసి మిగతా పైపుని లాగి బిగిస్తే ఇంకా మేలు. ఒక్క తెల్ల ప్లంబర్ టేపు మాత్రం వద్దు. దాని పోగులు ఊడి డీజిల్‌తో కొట్టుకుపోయి వాల్వుల్లోనూ సన్న దారుల్లోనూ ఇరుక్కుంటాయి. సబ్బు పెట్టిన కీలుకి ఒక ఎర్రగుడ్డ పీలిక కట్టి ఉంచితే, నెల్లూరు ఆటోనగర్ చేరాక మేస్త్రీకి ఎక్కడ విప్పాలో చెప్పక్కర్లేదు. మా డ్రైవరన్న అట్లా కట్టిన పీలికలు బండి అమ్మేనాటికి మూడు మిగిలే ఉన్నాయి. కొన్నవాడు దిష్టికి కట్టామనుకున్నాడు.